ఎత్తిన తొట్టి దిగకున్నచో ఏమి చేయవలెను?

వేసవి వచ్చి చెఱువులు ఎండుటతోడనే మన గ్రామములలో పూడికమట్టి తోలకము ప్రారంభమగును. పూర్వము ఎడ్లబండ్లతో నెలలకొలది సాగిన యీ పని యిపుడు ట్రాక్టరు ట్రాలీలతో కొలది దినములలోనే ముగియుచున్నది. అందును, తొట్టిని జాకీతో ఎత్తి మట్టిని వెనుకకు జాఱవిడుచు ట్రాలీలు వచ్చిన పిదప పారపట్టి దింపు శ్రమయు, కూలియు మిగిలినవి. పూడికమట్టియే గాక పెంటయెరువు, ఇసుక, కంకర, మొక్కజొన్న కండెలు మొదలగువానిని దింపుటకు ఇట్టి ట్రాలీ మిక్కిలి యుపయోగకరము. మన సభ్యులలో కొందఱు అప్పు తీసికొని వీనిని కొనిరి. కొందఱు కిరాయికి పిలిపించుకొనుచున్నారు. కావున ఈ యంత్రమునకు వచ్చు ఒక చిక్కును గుఱించియు, ఆ చిక్కునందు పొంచియున్న ప్రాణాపాయమును గుఱించియు ఈ నెల వ్రాయదలచితిమి. ఆ చిక్కేమనగా: ఎత్తిన తొట్టి మరల దిగకపోవుట.

మేము చూచిన యొక సంగతి

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున చెఱువుమట్టి తోలుచుండగా మేమచ్చట నుంటిమి. సాయంకాలము కావచ్చినది. త్రవ్వకపు యంత్రమును గంటల లెక్కన కిరాయికి తెచ్చియుండిరి. ఒక యువరైతు తన చేనిలో మట్టిని జాఱవిడిచి లివరును దించెను. తొట్టి దిగలేదు. రెండు మూడు మారులు లివరును ముందునకు వెనుకకు ఆడించెను. తొట్టి ఆకాశమువంక చూచుచు అట్లే నిలిచియుండెను. వెనుక వచ్చు ట్రాలీలకు దారి లేక డ్రైవర్లు కేకలు వేయసాగిరి. కిరాయి పెరిగిపోవుచున్నదను తొందరలో ఆ యువకుడు పానా పుచ్చుకొని, జాకీ పైపుయొక్క నట్టును వదులు చేయుదునని తొట్టి క్రిందికి దూరబోయెను.

ఒకప్పుడు ఎడ్లబండి తోలిన వృద్ధుడొకడు అచ్చట గట్టుమీద కూర్చుండియుండెను. అతడు లేచి వచ్చి వాని భుజము పట్టుకొని, "ఒరే అబ్బాయీ, పోటు పెట్టకుండా బండి కిందే దూరేవాళ్ళం కాదు గదా, దీని కింద పోటేదిరా?" అనెను. "ఇంజను ఆపేశాను తాతా, ఏమీ కాదు" అని యువకుడు బదులు చెప్పెను. "ఇంజను ఆగితే బరువు కూడా ఆగుతుందా?" అని వృద్ధుడు మరల అడిగెను. ఆ ప్రశ్నకు యువకునికడ ప్రత్యుత్తరము లేకపోయెను.

పిమ్మట గట్టి తుమ్మదుంగలు రెండు తెప్పించి చట్రమునకును తొట్టికిని నడుమ నిలిపిరి. నెమ్మదిగా వెదకగా, ట్రాక్టరు వెనుక పైపు తగిలించు కప్లింగులో మట్టి చేరి, అది పూర్తిగా కూర్చొనక సగమే పట్టుకొనియున్నట్లు తెలిసినది. గుడ్డతో తుడిచి బలముగా లోనికి నెట్టగా టక్కుమని చప్పుడు చేసి బిగిసినది. తొట్టిని కొంచెము పైకెత్తి, దుంగలు తీసి, లివరును దించగా తొట్టి మెల్లగా దిగివచ్చినది. అంతయు అరగంట పని. ఆ యువకుడు తాననుకొనినట్లు క్రింద దూరి నట్టు వదులు చేసియున్నచో, తొట్టి అప్పుడును దిగియుండెడిది. కాని అతని మీద దిగియుండెడిది.

ఎత్తు శక్తి వేఱు, దించు శక్తి వేఱు

ఈ చిక్కు ఏల కలుగుచున్నదో తెలియవలెనన్న జాకీ పనిచేయు విధమును కొంచెము తెలిసికొనవలెను. మూయబడిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకును సమానముగ వ్యాపించునని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాస్కల్ 17వ శతాబ్దమున తెలియజేసెను. ఈ సూత్రము ననుసరించి ఇంగ్లండున జోసెఫ్ బ్రామా అనునతడు 1795లో నీటి ఒత్తిడితో పనిచేయు గొప్ప అదుముడు యంత్రమునకు హక్కు పొందెను. ఆయిలు ఒత్తిడితో నాగలిని ఎత్తి దించు ఏర్పాటును ట్రాక్టరునకు చక్కగా అమర్చినవాడు ఐర్లండున జన్మించిన హారీ ఫెర్గుసన్. అట్టి ట్రాక్టరు 1936లో అమ్మకమునకు వచ్చినది. నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టర్ల లిఫ్టునకును, ట్రాలీ జాకీకిని మూలము ఈ విద్యయే.

ట్రాక్టరులోని పంపు ఆయిలును నొక్కి పైపు ద్వారమున జాకీలోనికి పంపును. ఆ ఆయిలు జాకీ కడ్డీని బయటికి నెట్టును. కడ్డీ తొట్టిని ఎత్తును. జాకీ లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లున్నదనుకొందము. అపుడు దాని వైశాల్యము సుమారు 78½ చదరపు సెంటీమీటర్లు. పంపు ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 150 కిలోల ఒత్తిడి నిచ్చినచో కడ్డీపై పడు మొత్తపు బలము 11,700 కిలోలకు, అనగా 117 క్వింటాళ్ళకు మించును. ఇంత బలముండుట చేతనే నిండు తొట్టియైనను బొమ్మవలె లేచుచున్నది.

ఇక దించుట సంగతి చూడుడు. మన ట్రాలీలలో చాలవఱకు జాకీకి ఒకే పైపు ఉండును. ఎత్తుటకు పంపు తోడ్పడును గాని దించుటకు ఏ యంత్రమును తోడ్పడదు. లివరును దించినప్పుడు ఆయిలు వెనుకకు మరలుటకు దారి మాత్రమే తెఱచుకొనును. ఆ దారిని ఆయిలును త్రోసికొనిపోవలసినది ఖాళీతొట్టి బరువే. ఆ బరువులో 6 క్వింటాళ్ళు జాకీ మీద పడుచున్నదనుకొనినచో, పై లెక్క ప్రకారము ఆయిలుపై ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 7½ కిలోలు మాత్రమే. ఎత్తునపుడు పంపు ఇయ్యగలిగినది 150, దిగునపుడున్నది 7½. సుమారు ఇరువది రెట్ల భేదము.

అంతియే కాదు. తొట్టి పైకి లేచిన కొలది దాని బరువు వెనుకనున్న కీళ్ళ వైపునకు జరుగును. అందుచేత పూర్తిగా లేచిన తొట్టి జాకీని అదుము బలము ఇంకను తగ్గును. తడిమట్టి తొట్టి వెనుక భాగమున అంటుకొని నిలిచిపోయినచో ఆ బరువు కీళ్ళకు ఆవలిప్రక్కన పడి, తొట్టిని దించుటకు మాఱుగా ఎత్తిపట్టి యుంచును.

చదువరులు ముఖ్యముగా మనస్సున నుంచుకొనవలసిన మాట ఇదియే. ఎత్తునపుడు లెక్కకు రాని చిన్న అడ్డంకి దిగునపుడు గొప్ప అడ్డంకి యగును. కావున తొట్టి దిగలేదనిన వెంటనే జాకీ చెడినదనియు, పంపు పోయినదనియు తలచి వేలకువేలు ఖర్చునకు సిద్ధపడనక్కఱలేదు. పెక్కుమారులు కారణము కంటికి కనబడునంతటి చిన్నదే. అయితే ఆ చిన్న అడ్డంకి తొలగిన క్షణముననే తొట్టి మొత్తము దిగివచ్చునని మఱవరాదు.

ముందు ప్రాణరక్షణ, పిదప మరమ్మతు

తొట్టి నిలిచిపోయిన వెంటనే చేయవలసిన పనులు క్రమముగా వ్రాయుచున్నాము.

మొదటిది, మనుష్యులను, ముఖ్యముగా పిల్లలను, ట్రాలీ చుట్టుప్రక్కల నుండి దూరముగా పంపవలెను. ట్రాక్టరునకు బ్రేకు వేసి, ట్రాలీ చక్రములకు ముందు వెనుకల రాళ్ళుగాని చెక్కమొద్దులుగాని అడ్డము పెట్టవలెను.

రెండవది, ఇంజను ఆపితిమి గదా యని ధైర్యపడరాదు. చాల ట్రాక్టర్లలో ఇంజను ఆగియున్నను లివరును దించినచో తొట్టి తన బరువుతో దిగును. సీటు మీద కూర్చున్న పిల్లవాడు ఆటగా లివరును తాకినను చాలును. కావున తాళపుచెవి తీసి యుంచుటయే గాక, ట్రాక్టరు మీద ఎవ్వరిని ఎక్కనీయరాదు. నమ్మకమైన యొకనిని లివరునకు కావలి యుంచవలెను.

మూడవది, పోటు. చట్రమునకును తొట్టి అడుగున నున్న ఇనుప దూలమునకును నడుమ గట్టి ఇనుప పోటులుగాని, చీలికలు లేని మంచి దుంగలుగాని రెండు ప్రక్కల రెండు నిలుపవలెను. అవి జాఱిపోకుండ పాదమున బల్లపరుపుగా నుండవలెను. ఇటుకలు పేర్చియు, ఱాళ్ళు దొంతి పెట్టియు, చేతిజాకీ నిలిపియు సరిపుచ్చుకొనరాదు. పోటు పెట్టునపుడు తొట్టి క్రిందికి శరీరము పోనీయక ప్రక్కనుండియే పెట్టవలెను. పోటునకును తొట్టికిని నడుమ వ్రేలెడు సందు ఉంచినచో, అడ్డంకి తొలగినపుడు తొట్టి ఆ కొంచెము దిగి పోటు మీద నిలుచును. దానిని బట్టి మార్గము తెఱచుకొన్నదని తెలిసికొని, మరల కొంచెము ఎత్తి పోటులు తీయవచ్చును. పోటులు ఖాళీతొట్టికే గాని నిండుతొట్టికి చాలవని గుర్తుంచుకొనవలెను.

నాల్గవది, తొట్టి లేచియుండగనే ఇంటికి తోలుకొనిపోవుదమను ఆలోచన పనికిరాదు. లేచిన తొట్టితో బండి కొద్దిపాటి ఎగుడుదిగుడులో కూడ ప్రక్కకు పడిపోవును. మన పొలముల మీదుగ 11,000 వోల్టుల విద్యుత్తీగలు పోవుచున్నవి. తొట్టి వానికి తగిలినచో జరుగు అనర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

కారణమును వెదకు క్రమము

సులభమైనదానితో ప్రారంభించి కష్టమైనదానికి పోవలెను. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యను సామెత ఇచ్చట చక్కగా వర్తించును.

తొట్టిలో మిగిలినదేమి? వెనుక తలుపు పూర్తిగా తెఱచుకొన్నదా, తడిమట్టి అంటుకొని యున్నదా యని చూడవలెను. మట్టి మిగిలియున్నచో ప్రక్కన నిలిచి పొడవైన కఱ్ఱతో గాని గునపముతో గాని రాల్చవలెను. తొట్టిలోనికి ఎక్కి త్రవ్వరాదు. వెనుకప్రక్క నిలువనేకూడదు. ట్రాక్టరును ముందునకు వెనుకకు కుదుపుట కూడ ప్రమాదకరము.

నేల సమముగ నున్నదా? ఒక ప్రక్క చక్రము గుంటలో దిగియున్నచో తొట్టి మెలితిరిగి కీళ్ళును, జాకీయు బిగుసుకొనును. అట్టి నేలపై తొట్టిని ఎత్తుటయే పొరపాటు.

లివరు పూర్తిగా దిగినదా? లివరునకు వాల్వునకు నడుమ నుండు కడ్డీ వంగియుండినను, పిన్ను ఊడియుండినను పైన లివరు దిగినట్లు కనబడునేగాని లోపల వాల్వు తెఱచుకొనదు. కొన్ని ట్రాక్టర్లలో సీటు క్రింద లిఫ్టు దిగు వేగమును తగ్గించి హెచ్చించు బిరడా యొకటి యుండును. రోడ్డు మీద నాగలి దిగకుండుటకై దానిని ఎవరో బిగించి మఱచియుండవచ్చును. ట్రాలీ పైపునకు ఆయిలు ఆ మార్గముననే పోవు ట్రాక్టర్లలో ఈ బిరడా మూసియుండిన తొట్టి దిగదు. యంత్రముతో వచ్చిన పుస్తకమున దాని తావును చూచుకొనవలెను.

కప్లింగు సరిగా కూర్చున్నదా? మేము చూచిన అనుభవమునను, మెకానిక్కులు చెప్పుటనుబట్టియు మొదట అనుమానింపవలసినది దీనినే. కప్లింగులో రెండు ముక్కలుండును. ప్రతి ముక్కలోను స్ప్రింగుతో కూడిన చిన్న మూత యుండును. రెండు ముక్కలను కలిపినపుడు ఈ మూతలు ఒకదాని నొకటి త్రోసికొని తెఱచుకొనును. విడదీసినపుడు ఆయిలు కాఱకుండ మూసికొనును. మట్టి అడ్డుపడి సగమే కూర్చున్నచో, ఎత్తునపుడు పంపు బలముతో వచ్చు ఆయిలు ట్రాలీవైపు మూతను నెట్టుకొని పోవును. దిగునపుడు తిరిగివచ్చు ఆయిలు అదే మూతను వెనుకనుండి నెట్టి మూసివేయును. లోనికి పోనిచ్చి వెలుపలికి రానీయని చేపలబుట్టవలె నది పనిచేయును. దానిని తుడిచి లోనికి నెట్టవలెను. తొట్టి నిలుపునకు వచ్చినదని కప్లింగును ఊడదీయుట మాత్రము తప్పు. ఊడదీసినచో రెండు మూతలును మూసికొని ఆయిలు జాకీలో బంధింపబడును. ఆ ఒత్తిడి యుండగా మరల తగిలించుట దుర్లభము.

పైపు ఎట్లున్నది? బయట మడతపడినదా, చక్రము క్రిందగాని చట్రము నడుమగాని నలిగినదా యని చూడవలెను. పాత పైపులలో లోపలి రబ్బరు పొర ఊడి నాలుకవలె వ్రేలాడుచుండును. అదియు ఒక వైపునకే ఆయిలును పోనిచ్చును. పైకి పైపు క్రొత్తదివలెనే యుండును గనుక ఈ దోషము కంటికి తెలియదు. కప్లింగు బాగుగనుండి, తొట్టి లేచుచు దిగకున్నచో పైపును మార్చి చూడవలెను.

పిన్నులు, కడ్డీ ఎట్లున్నవి? జాకీ కడ్డీ వంగినను, వాననీటికి త్రుప్పుపట్టినను, కీళ్ళ పిన్నులు గ్రీజు లేక ఎండిపోయినను, తొట్టి కొంతదూరము దిగి నిలిచిపోవును. సుత్తితో కొట్టి దించరాదు. కడ్డీపై సొట్టపడినచో అది సీళ్ళను కోసివేయును. పిదప ఆయిలు నిలువదు.

చిక్కుయొక్క లక్షణమును బట్టి కారణమును ఊహించుటకు ఈ గుర్తులు తోడ్పడును. తొట్టి ఇంకను పైకి లేచుచు దిగకున్నచో కప్లింగునో పైపునో అనుమానింపవలెను. లేవక, దిగక కదలకున్నచో లివరు కడ్డీని, మూసికొనిపోయిన కప్లింగును చూడవలెను. మిక్కిలి నెమ్మదిగా దిగుచున్నచో ఆయిలు చిక్కబడుటయో, దారి సన్నమగుటయో కారణము. సగము దిగి నిలిచినచో వంగిన కడ్డీయో, ఎండిన పిన్నులో కారణము. ఈ పరీక్షలన్నిటను దోషము దొరకకున్నచో వాల్వు లోపల చెత్త చిక్కుకొని యుండవచ్చును. దానిని విప్పుట మెకానిక్కు పని, మన పని కాదు.

చేయరాని రెండు పనులు

జాకీ పైపు నట్టును వదులు చేసి ఆయిలును బయటికి వదలుట కొందఱు డ్రైవర్లకు అలవాటు. తొట్టి బరువు అంతయు ఆ నట్టు మీదనే ఆధారపడి యున్నదని వారెఱుగరు. ఆయిలు చిమ్మిన మఱుక్షణమున తొట్టి పడును. తప్పనిసరియైనచో ముందుగా క్రేనుతోగాని, తగిన యంత్రముతోగాని తొట్టి బరువును పైనుండి పట్టి నిలుపవలెను. ఆ మీదట తెలిసిన మెకానిక్కు ప్రక్కనుండి నట్టును మెల్లగా వదులుచేయవలెను.

ఆయిలు ఎచ్చట కాఱుచున్నదో చేతితో తడిమి చూచుట రెండవ తప్పు. సూదిమొనంత రంధ్రము నుండి చిమ్ము ఆయిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడును. లోపల కండ కుళ్ళిపోయి వ్రేలో చేయియో తీసివేయవలసివచ్చును. కావున అట్టముక్కను దూరమునుండి అడ్డము పట్టి కాఱుడును కనుగొనవలెను. ఎవరికైనను ఇట్టి గాయమైనచో నొప్పి లేదని ఊరకుండక, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి ఆ గంటలోనే తీసికొనిపోయి, ఒత్తిడిగల ఆయిలు లోనికి పోయినదని వైద్యునికి స్పష్టముగ చెప్పవలెను.

ఇతర దేశములందును ఇదే చిక్కు

ఈ దోషము మన ట్రాలీలకే పరిమితము కాదు. అమెరికా మొదలగు దేశములలో వంటగది, పడకలు గలిగి రోడ్డు మీద తిరుగు మోటారు ఇండ్లు గలవు. అచ్చట నివసించు మన తెలుగువారిలో కొందఱు సెలవులకు వానిని అద్దెకు తీసికొనుచుందురు. ఎగుడుదిగుడు నేలపై ఆ బండిని సమముగ నిలుపుటకు దాని అడుగున జాకీ కాళ్ళుండును. అవి దిగుటకు ఆయిలు పంపు తోడ్పడును. మరల పైకి ముడుచుకొనుటకు చాల రకములలో స్ప్రింగులే ఆధారము. కడ్డీకి మట్టి పట్టినను, త్రుప్పు పట్టినను, స్ప్రింగు బలము తగ్గినను, ఆయిలు మరలు వాల్వు తెఱచుకొనకున్నను కాళ్ళు ముడుచుకొనవు, ఇల్లు కదలదు. మనకు తొట్టి బరువు చేయుపని వారికి స్ప్రింగు చేయుచున్నది, అంతియే భేదము. బలముతో పోయి బలహీనముగ తిరిగివచ్చు యంత్రమేదైనను దాని తిరుగుదారిని శుభ్రముగ నుంచవలెనను నీతి అచ్చటను ఇచ్చటను ఒక్కటియే. బండి క్రిందికి దూరువారికి కలుగు అపాయమును ఒక్కటియే.

ముందుజాగ్రత్తలు

ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట కంటె ముందుజాగ్రత్త మేలు. కప్లింగు రెండు ముక్కలకును మూతలు తగిలించి యుంచవలెను. మూత లేనిచో శుభ్రమైన గుడ్డ చుట్టియైన నుంచవలెను. తగిలించు ప్రతిమారును తుడిచి, టక్కుమను చప్పుడు విని, ఒకమారు లాగి చూడవలెను. నిండుబరువు ఎత్తకమునుపు ఉదయమున ఖాళీతొట్టిని ఒకమారు సగమువఱకు ఎత్తి దించి చూచుట మంచి యలవాటు.

పని ముగిసిన పిదప తొట్టిని పూర్తిగా దించియే యుంచవలెను. కడ్డీ జాకీలోపల నున్నంతవఱకు దానికి వానయు, దుమ్మును తగులవు. కీళ్ళ పిన్నులకు యంత్రపు పుస్తకమున చెప్పిన గడువుల ప్రకారము గ్రీజు పెట్టవలెను.

ఆయిలు సంగతి మిక్కిలి ముఖ్యము. ట్రాలీ జాకీలోని ఆయిలు తొట్టి దిగినపుడు ట్రాక్టరులోనికే తిరిగివచ్చును. పెక్కు ట్రాక్టర్లలో గేర్లకును లిఫ్టునకును ఒకే ఆయిలు. కావున ఒకరి ట్రాలీని మఱొకరి ట్రాక్టరునకు తగిలించినపుడు ట్రాలీలోని మురికి ఆయిలు ట్రాక్టరు గేర్లవఱకు పోవును. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గుర్తు, దానిని మార్పవలెను. ఆయిలు మట్టమును తొట్టి దిగియున్నపుడే చూడవలెను. ఏలయన తొట్టి లేచియుండగా కొంత ఆయిలు జాకీలో నుండును గనుక కొలత తక్కువ చూపును. అది చూచి మఱింత పోసినచో తొట్టి దిగినపుడు ఆయిలు పొర్లిపోవును.

సంఘసభ్యులకు మనవి

మన దేశమున సహకార పరపతి సంఘములు 1904 సంవత్సరపు చట్టముతో ఏర్పడుటకు మొదలిడినవి. ఒంటరిగా మోయలేని అప్పుభారమును పదుగురు కలిసి మోయుటకై అవి పుట్టినవి. ఒంటరిగా కొనలేని యంత్రములను పదుగురు కలిసి వాడుకొనుటకును ఆ భావమే నేడు మనకు తోడ్పడవలెను. ట్రాలీ కొనుటకు వేలును లక్షలును వెచ్చించు మనము, దానికి రెండు పోటులు చేయించుటకు వెనుదీయుట వివేకము కాదు. ట్రాలీ కొనునపుడే చట్రమునకు అమర్చిన పోటు గలదా యని అడుగుడు. లేనిచో కమ్మరిచేత చేయించి, ట్రాలీతోడనే ఎల్లప్పుడు ఉంచుడు.

గ్రామమునందలి ట్రాలీ యజమానులు కలిసి ఒక జత గట్టి ఇనుప పోటులు, నాలుగు చక్రపుటడ్డలు, కొన్ని కప్లింగు మూతలు, ఒక పైపు అదనముగ కొని సంఘపు గిడ్డంగియందు ఉంచుకొనినచో ఒక్కొక్కరికి పడు వాటా స్వల్పమే. కిరాయికి ఇచ్చు ట్రాలీలకు చిన్న పుస్తకమొకటి పెట్టి, వచ్చిన దోషమును, చేసిన మరమ్మతును తేదీతో వ్రాసియుంచినచో తరువాత నడుపువాడు జాగ్రత్తపడును. కూలికి వచ్చిన డ్రైవరునకు తొట్టి క్రిందికి దూరవద్దని చెప్పుట యజమాని బాధ్యత. కిరాయి గంటలు పోవుచున్నవని వానిని తొందరపెట్టకుండుట మనయందఱి బాధ్యత.

పోయిన గంటను మఱునాడు సంపాదింపవచ్చును. ఆనాడు ఆ వృద్ధుడు భుజము పట్టుకొని యాపినందుననే ఆ యువరైతు నేటికిని తన ట్రాలీ తోలుకొనుచున్నాడు. అట్టి వృద్ధుడు ప్రతి చేనిగట్టునను కూర్చుండియుండడు. కావున అతని ప్రశ్నను మన సభ్యులందఱును గుర్తుంచుకొందురుగాక: ఇంజను ఆగినంతమాత్రమున బరువు ఆగునా?